మట్టికి తగిలిన జఖమ్, మట్టిలోనే ఉన్న మర్హమ్

షబ్-ఎ-బరాత్ నాడు మా ఖాందాన్‌లో ఒక పాత ఆనవాయితీ ఉంది. తిరుమలాయపాలెం నుంచి బయల్దేరి అసర్ వేళకి ఇల్లెందు చేరుకుంటాం. అక్కడి కబ్రస్తాన్‌లో దాదా కబర్ మీద నాలుగు పూలు పెట్టి, ఫాతెహా చదివి, మగ్రిబ్ నమాజ్ అక్కడి మసీదులోనే చేసుకుని తిరిగొస్తాం. చిన్నప్పుడు అబ్బా వేలు పట్టుకుని పోయేవాణ్ణి. ఇప్పుడు అబ్బా లేరు. నా కొడుకు నా వేలు పట్టుకుని వస్తున్నాడు.

దాదా తిరుమలాయపాలెం రైతే. మా మండలానికి పాతకాలం నుంచీ కరువు పేరే ఉంది. చెలక నేల, వాన మీదే భరోసా. అట్లాంటి ఒక కరువు ఏడాది ఎడ్లను అమ్మేసి ఆయన ఇల్లెందు బొగ్గు బాయికి పోయారు. మన దిక్కు గనిని బాయి అనే అంటారు కదా. చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి టబ్బు నింపే ఫిల్లర్ పని. ‘ఇంకో రెండేళ్లు చేసి ఊరికి పోదాం’ అని ఉన్నన్నాళ్లూ అన్నారట. పోలేదు. అక్కడి మట్టిలోనే కలిశారు.

కబ్రస్తాన్ గోడ మీంచి చూస్తే దూరంగా ఒక గుట్ట కనపడుతుంది. అల్లా పుట్టించిన గుట్ట కాదు, మనిషి పోసింది. ఓపెన్ కాస్ట్ తవ్వినప్పుడు బొగ్గు మీద ఉన్న రాయీ మట్టీ తీసి లారీలతో పోసిన ఓబీ కుప్ప. అబ్బా దాన్ని ‘ఉల్టా పహాడ్’ అనేవారు. కింద ఉండాల్సింది పైకొచ్చింది, పైన ఉండాల్సింది కిందికి పోయిందని. ఆ మాట ఎంత కరెక్టో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఇరవై ఏళ్లుగా ఆ గుట్టను చూస్తున్నాను. మొదట బోడిగా, బూడిద రంగులో ఉండేది. తర్వాత మొక్కలు నాటారు. ఇప్పుడు దూరం నుంచి పచ్చగానే ఉంది. కానీ ఒకసారి వానాకాలంలో పోయినప్పుడు దగ్గరికెళ్లి చూశాను. ఒక వైపు వరసలో నాటిన ఒకే రకం చెట్లు. వాటి కింద గడ్డి పోచ లేదు. వాన నీళ్లు కోసిన కాలువలు మోకాలి లోతున ఉన్నాయి. రెండో వైపు కానుగలు, వేపలు, తుమ్మలు కలగలిసి ఉన్నాయి. కింద గరిక అల్లుకుంది. కానుగ మొదట్లో పుట్టకొక్కులు లేచి ఉన్నాయి. గుట్ట ఒకటే, వాన ఒకటే, మరి ఫరక్ ఎందుకొచ్చింది? నాతో వచ్చిన ఒక రిటైర్డ్ మజ్దూర్ చాచాను అడిగితే ఒక్క ముక్కలో చెప్పారు. ‘ఆ వైపు అడవి మట్టి పోసిండ్రు బేటా. ఈ వైపు పోయలే.’

ఆ ఒక్క ముక్క వెంట పడి చదివిందే ఈ వ్యాసం. గుట్టను చూసి తప్పులెంచే హక్కు నాకు పూర్తిగా లేదు. ఎందుకో చివర్లో చెప్తాను.

బొగ్గుట్ట తారీఖ్

ఇల్లెందును పాతవాళ్లు బొగ్గుట్ట అనేవారు. భద్రాచలం పోయే యాత్రికులు దారిలో మూడు రాళ్లు పెట్టి వంట చేసుకుంటుంటే ఆ రాళ్లే అంటుకున్నాయని, అట్లా బొగ్గు బయటపడిందని ఊళ్లో చెప్పుకుంటారు. దస్తావేజుల్లో ఉన్న మాట వేరే. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. పక్కనున్న సింగరేణి అనే చిన్న గ్రామం పేరు ఆ తర్వాత మొత్తం బొగ్గు గనులకే పేరైంది.

1886లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ హుకూమత్ కాలంలో, ఇంగ్లండ్‌లో రిజిస్టరైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతికి తవ్వుకునే హక్కులు పోయాయి. ఆ ఠేకా వెనక పెద్ద కథ ఉంది. రియాసత్ హోం సెక్రటరీగా పనిచేసిన సర్దార్ దిలేర్-ఉల్-ముల్క్ అబ్దుల్ హక్ కంపెనీ షేర్లలో తన సొంత వాటా దాచిపెట్టి, వాటిని రియాసత్ ఖజానాకే అంటగట్టారన్న ఆరోపణ వచ్చింది. 1888లో లండన్ పార్లమెంటు ఈ వ్యవహారం మీద ఒక సెలెక్ట్ కమిటీనే వేసింది. అబ్దుల్ హక్ పదవి పోయింది. బొగ్గు మాత్రం ఆగలేదు. 1889 నుంచి ఇల్లెందులో ఉత్పత్తి మొదలై డోర్నకల్ మీదుగా రైల్లో బయటికి పోయింది.

ఈ తారీఖ్‌లో నాకు గుచ్చుకునేది ఒకటుంది. షేర్ల మీద విచారణ జరిగింది, పౌండ్ల మీద జరిగింది. ఎవరి ఖజానా ఎంత నష్టపోయిందో లెక్క తీశారు. ఆ జమీన్‌కూ, దాని మీద బతికే కోయలకూ ఏం నష్టం జరుగుతుందన్నది ఆ లెక్కలో విషయమే కాలేదు.

1920 డిసెంబర్‌లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ షేర్లు కొనేసింది. ఇవాళ 51 శాతం తెలంగాణ సర్కారుది, 49 శాతం కేంద్రానిది. ఇల్లెందు, కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, మణుగూరు, భూపాలపల్లి, సత్తుపల్లి. గోదావరి లోయ పొడుగునా బాయిలు తెరుచుకున్నాయి. ఎన్ని వేల ఘరానాలకు ఇవి రిజ్క్ ఇచ్చాయో మనలో చాలామందికి తెలుసు. మా దాదా జీతంతోనే అబ్బా చదువుకున్నారు. ఆ నమక్ మరిచిపోయి మాట్లాడటం లేదు.

ఉల్టా పహాడ్ ఎట్లా పుట్టింది

దాదా కాలంలో బాయి భూమి లోపల ఉండేది. బొగ్గును గదులుగా తవ్వి, మధ్య మధ్యలో స్తంభాలు వదిలేవారు. పైన నేల కొన్ని చోట్ల కుంగినా అడవి అడవిగానే ఉండేది. 1975లో రామగుండం దిక్కు ఓపెన్ కాస్ట్ మొదలైంది. అక్కణ్ణుంచి లెక్క మారింది. బొగ్గు దగ్గరికి మనిషి దిగిపోవడం కాదు, బొగ్గు మీద ఉన్నదంతా ఎత్తి పక్కన పోయడం. ఒక టన్ను బొగ్గు కోసం దానికి ఎన్నో రెట్ల రాయీ మట్టీ తీయాలి. సింగరేణి 2023-24లో ఏడు కోట్ల టన్నుల బొగ్గు తీసింది. దానికోసం ఎంత మట్టి కదిలి ఉంటుందో మీరే అందాజా వేసుకోండి.

అడవిలో పైన ఉండే జానెడు, మూరెడు మట్టే అసలు సరుకు. ఆకు రాలి కుళ్లిన నల్లటి పొర, వానపాములు, చీమలు, విత్తనాలు, కంటికి కనపడని కోట్ల జీవాలు అందులోనే ఉంటాయి. ఆ కింద ఇసుకరాయి, షేల్ పొరలు. వాటికి కోట్ల ఏళ్లుగా వెలుతురు తెలియదు, వేరు తెలియదు. ఓపెన్ కాస్ట్‌లో అవి నుజ్జయి పైకొస్తాయి. వాటిలో నత్రజని దాదాపు ఉండదు. భాస్వరం ఉన్నా వేరుకు అందే రూపంలో ఉండదు. కుళ్లిన ఆకు లేదు కాబట్టి నీళ్లు పట్టి ఉంచే గుణం లేదు. మన దిక్కు మే నెల ఎండకు నల్ల రాయి పెనంలా కాలుతుంది. వాన పడితే జారిపోతుంది.

పైమట్టిని వేరుగా తీసి పెట్టాలన్న రూల్ ఉంది. తీసి పెడతారు కూడా. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆ మట్టిని ఎత్తైన కుప్పగా పోసి ఏళ్లకేళ్లు వదిలేస్తే లోపల గాలి ఆడదు. వేళ్లు చచ్చిపోతాయి. వేళ్లను పట్టుకుని బతికే ఒక ప్రాణి ఆకలితో మెల్లమెల్లగా కనుమరుగవుతుంది. కుప్ప రంగు మారదు, వాసన కూడా పెద్దగా మారదు. లోపల జాన్ పోయి ఉంటుంది. ఆ ప్రాణి గురించే ఇప్పుడు చెప్పాలి.

బర్లిన్‌లో పుట్టిన ఒక లఫ్జ్

ఉర్దూ మీడియంలో మా సైన్స్ కితాబులో ‘ఫఫూందీ’ అని ఒక సబక్ ఉండేది. పాచిపోయిన రొట్టె బొమ్మ, దాని మీద బూజు. ఫఫూందీ అంటే నా బుర్రలో బర్బాదీ అనే నాటుకుంది. తెలుగు డిగ్రీలో చేరాక అదే ‘శిలీంధ్రం’ అయింది. పేరు గంభీరమైంది గానీ ఇజ్జత్ పెరగలేదు. మిర్చికి కొమ్మ ఎండు, వరికి అగ్గి తెగులు తెచ్చేది అదే కదా అనుకునేవాణ్ణి.

ఆ జాతిలో దోస్తులు కూడా ఉన్నారని దునియాకు గట్టిగా చెప్పినవాడు జర్మనీకి చెందిన ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్. ప్రష్యా ప్రభుత్వం ఆయనకు ఒక పని అప్పజెప్పింది. ట్రఫుల్ అని భూమి లోపల పెరిగే ఖరీదైన పుట్టగొడుగు ఉంది, దాన్ని పంటలా పండించవచ్చా అని చూడమంది. ట్రఫుల్ సాగు మాట అట్లుంచితే, చెట్ల వేళ్లను పరీక్షిస్తుంటే వేరు కొసల చుట్టూ బూజు ఒక తొడుగులా అల్లుకుని ఉంది. చెట్టు జబ్బు పడలేదు, బాగానే ఉంది. 1885లో ఆయన దానికి ‘మైకోరైజా’ అని పేరు పెట్టాడు. గ్రీకు మాటల్లో మైకెస్ అంటే శిలీంధ్రం, రైజా అంటే వేరు. ఇద్దరూ కలిసి ఒకరికొకరు తిండి పెట్టుకుంటున్నారని చెప్పాడు. ఆ రోజుల్లో చాలామంది ఒప్పుకోలేదు. బూజు మేలు చేయడమేంటని నవ్వారు.

తారీఖులు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. 1885లో బర్లిన్‌లో మందు పేరు పుట్టింది. 1886లో హైదరాబాద్‌లో గాయం చేసే హక్కు మీద దస్కత్ పడింది. ఈ రెండూ ఒకదానికొకటి పరిచయం కావడానికి ఇంకా ఎనభై ఏళ్లు పట్టింది.

ఇంతకీ ఆ దోస్తీ ఏంటి? రెండు రకాలు ప్రధానం. ఒకటి ఫ్రాంక్ చూసినట్టు వేరు బయట తొడుగులా అల్లుకునేది. పైన్, యూకలిప్టస్ లాంటి చెట్లకు ఇది ఉంటుంది. రెండోది వేరు కణాల్లోకే పోయి, లోపల చిన్న చెట్టు ఆకారంలో కొమ్మలు వేసుకునేది. దీన్ని ఆర్బస్కులర్ మైకోరైజా అంటారు. జొన్న, మిర్చి, పత్తి, వేప, కానుగ, తుమ్మ, వెదురు, గరిక అన్నీ దీనితోనే చేతులు కలుపుతాయి. నేల మీది మొక్కల్లో దాదాపు డెబ్బై శాతానికి పైగా దీని దోస్తులే. ఆవాల జాతి లాంటి కొన్ని మాత్రం దూరంగా ఉంటాయి.

భాస్వరం నేలలో కదలదు. వేరు తన చుట్టూ ఉన్నది తాగేశాక దాని ముందు ఖాళీ మిగులుతుంది. అప్పుడు ఈ బూజు పోగులు వెంట్రుక కన్నా ఎంతో సన్నగా సాగి, వేరు పోలేని సందుల్లోకి పోయి భాస్వరం, జింకు, కొంత నీరు తెచ్చి పెడతాయి. బదులుగా మొక్క ఎండలో వండుకున్న ఆహారంలో ఐదు నుంచి ఇరవై శాతం దాకా వాటికిస్తుంది. ముఫ్తు ఏమీ లేదు, పక్కా లెన్-దెన్. ఇంకో మేలూ ఉంది. ఆ పోగులు మట్టి రేణువుల్ని దారాలతో కట్టినట్టు పట్టి ఉంచుతాయి. 1996లో అమెరికా శాస్త్రవేత్త సారా రైట్ ఈ శిలీంధ్రాలున్న నేలలో జిగురు లాంటి ఒక ప్రొటీన్ పదార్థాన్ని గుర్తించి గ్లోమలిన్ అని పేరు పెట్టారు. పొడి పొడిగా జారిపోయే ఓబీ మట్టికి కావాల్సింది సరిగ్గా ఇదే, కట్టి ఉంచే చెయ్యి.

ఈ దోస్తీ వయసు వింటే తల తిరుగుతుంది. స్కాట్లాండ్‌లోని రైనీ అనే చోట దొరికిన రాతి ముద్రల్లో నలభై కోట్ల ఏళ్ల నాటి మొక్కలున్నాయి. అప్పటికి వాటికి సరైన వేళ్లే లేవు. వాటి లోపల మాత్రం ఈ శిలీంధ్రం కొమ్మలు వేసుకుని ఉంది. మన గోదావరి లోయ బొగ్గు ఇంకా పాతిక, ముప్ఫై కోట్ల ఏళ్ల కిందటి గ్లోసాప్టెరిస్ అడవులది. అంటే బొగ్గుగా మారిన అడవుల కన్నా ఈ దోస్తీ పాతది. నేల మీద మొక్క నిలబడిందే దీని సహారాతో. మనం ఆ పాత అడవిని తవ్వి కాల్చుకుంటూ, దాన్ని పెంచిన దోస్తును మట్టి కుప్పలో ఊపిరాడకుండా చేస్తున్నాం.

ఉరుము బిడ్డలు

ఫ్రాంక్ వెతికిన ట్రఫుల్ మనకు పరాయిది కాదు. అరబ్బులు ఎడారిలో ఏరుకునే కమ్ఆ దాని చుట్టమే. బనీ ఇస్రాయీల్‌కు దిగిన ‘మన్’ కోవలోనే కమ్ఆను చేర్చి, దాని నీరు కళ్లకు షిఫా అని రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పినట్టు హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజియల్లాహు అన్హు) రివాయత్ బుఖారీ, ముస్లిం రెండిట్లో ఉంది. ఎవరూ విత్తకుండా, నీరు కట్టకుండా దొరికే నేమత్ కాబట్టి దాన్ని మన్‌తో పోల్చారని ఉలమా వివరించారు.

హదీసులో సైన్స్ పాఠం వెతకడం నా ఉద్దేశం కాదు, ఆ అలవాటు నాకు నచ్చదు కూడా. చెప్పదలుచుకుంది ఇంతే. ఎవరూ విత్తని ఆ కమ్ఆ కూడా ఒంటరిగా పుట్టదు. ఎడారిలో హీలియాంథమమ్ అనే చిన్న పొద వేళ్లను పట్టుకుని ఉంటేనే పెరుగుతుంది. పొదలన్నీ పీకేస్తే కమ్ఆ రాదు. అల్లా నేమత్‌కి మనిషి చెమట అక్కర్లేకపోవచ్చు, పక్కనున్న మొక్క మాత్రం కావాలి.

అరబ్బులు కమ్ఆను ‘బనాత్ అర్-రఅద్’ అన్నారు, ఉరుము బిడ్డలని. మన దిక్కు ఉరుము ఉరిమితే పుట్టకొక్కులు లేస్తాయని కోయ గూడేల్లోనూ, మా తిరుమలాయపాలెం చెలకల్లోనూ అంటారు. ఎడారి ఎక్కడ, గోదావరి అడవి ఎక్కడ. పుట్టల మీద లేచేవి మాత్రం వేళ్ల దోస్తులు కావు, చెదలు సాకేవి. ఆ ఫరక్ గుర్తుంచుకుంటే చాలు, మిగతా సామెత అందంగానే ఉంది.

మర్హమ్ పెట్టే తరీఖా

గని మట్టికీ ఈ శిలీంధ్రానికీ ముడి వేసిన తహకీఖ్ 1960లు, 70ల్లో ఊపందుకుంది. అమెరికా పెన్సిల్వేనియాలో ఆంత్రసైట్ బొగ్గు తీసి పారేసిన నల్ల కుప్పల మీద తమంతట తామే మొలిచిన చెట్లను ష్రామ్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి చూసి 1966లో రాశాడు. నిలదొక్కుకున్న పైన్, ఓక్, బర్చ్ మొలకల వేళ్లకు శిలీంధ్రం తోడుంది. తర్వాత డొనాల్డ్ మార్క్స్ అనే అటవీ శాస్త్రవేత్త నర్సరీలోనే పైన్ మొక్కలకు పిసోలిథస్ అనే శిలీంధ్రాన్ని అంటించి బొగ్గు కుప్పల మీద నాటించాడు. స్కాట్లాండ్‌లో డాఫ్ట్, నికల్సన్ బొగ్గు దిబ్బల మీది గడ్డి, పూల మొక్కల వేళ్లలో రెండో రకం దోస్తీని చూపించారు.

మన దేశంలో నాగపూర్‌లోని నీరీ సంస్థ పని ప్రసిద్ధం. ఆశా జువార్కర్ బృందం నాగపూర్ జిల్లా గుమ్‌గావ్ మాంగనీసు గని కుప్పల మీద మొక్కల గుంతల్లో చక్కెర ఫ్యాక్టరీ మడ్డి కలిపి, రైజోబియం, అజొటోబాక్టర్ బాక్టీరియాతో పాటు మైకోరైజా వేసి టేకు, వేప వంటివి పెంచింది. అటు సింగ్రౌలీ బొగ్గు గనుల్లో బనారస్ హిందూ యూనివర్సిటీకి చెందిన జె.ఎస్. సింగ్ బృందం ఓబీ మట్టి ఏళ్ల మీద ఎట్లా మారుతుందో కొలిచింది. వేరు బుడిపెల చెట్లు, అంటే దిరిసెన లాంటివి, నేలను తొందరగా కోలుకునేలా చేస్తాయని చూపింది. మన ఉస్మానియాలో ప్రొఫెసర్ సి. మనోహరాచారి జీవితమంతా శిలీంధ్రాలకే ఇచ్చారు.

తరీఖా వినడానికి సాదాగానే ఉంటుంది. ముందు శిలీంధ్రాన్ని పెంచాలి. ఇది వేరు లేకుండా బతకదు కాబట్టి సీసాలో పెంచలేం. శుభ్రం చేసిన మట్టిలో జొన్న, మొక్కజొన్న లేదా రాగి వేసి వాటి వేళ్ల మీద మూడు నెలలు పెంచుతారు. పైరు కోసి, ఆ వేళ్లను ముక్కలు చేసి, మట్టితో సహా దాస్తారు. అదే తోడు. పాలకు పెరుగు చుక్క వేసినట్టు నర్సరీ సంచిలో విత్తనం కింద ఒక చెంచాడు వేస్తారు. మొక్క కుప్ప మీదికి పోయేనాటికే దోస్తు వెంట ఉంటుంది.

కుప్పను మొదట నిలువుగా వదలకుండా మెట్లు మెట్లుగా వాలు తగ్గించాలి. పేడ, మడ్డి, ఆకు ఎరువు ఏదో ఒకటి ఇవ్వాలి. మొదట చెట్లు కాదు, గడ్డీ పప్పు జాతి మొక్కలూ రావాలి. జీలుగ, జనుము, పిల్లిపెసర, వాలు మీద వట్టివేరు. గడ్డి వేళ్లు గుబురుగా ఉండటంతో శిలీంధ్రం ఒక వేరు నుంచి ఇంకో వేరుకు దారి వేసుకుంటుంది. ఆ తర్వాత కానుగ, తుమ్మ, దిరిసెన, వేప, వెదురు. విషపు లోహాలున్న గని మట్టిలో కూడా ఈ జంట పనికొస్తుంది. అక్కడ అది లోహాన్ని మాయం చేయదు, వేళ్ల దగ్గరే పట్టి ఉంచి దుమ్ములో, నీళ్లలో కలవకుండా ఆపుతుంది.

అన్నిటికన్నా చవక మందు చాచా చెప్పిందే. దగ్గరి అడవి పైమట్టిని పలుచగా తీసి, కుప్ప పెట్టి మురగబెట్టకుండా, వెంటనే తయారైన కుప్ప మీద పరచడం. అందులో ఆ నేల శిలీంధ్రాలు, విత్తనాలు ప్రాణంతో ఉంటాయి. ఆగక తప్పకపోతే కుప్పను తక్కువ ఎత్తులో ఉంచి దాని మీద గడ్డి పెంచాలి. వేరు బతికుంటే దోస్తు బతికుంటాడు.

దుకాణంలో దొరికే ప్యాకెట్ ప్రతిచోటా కరామత్ చేయదు. ఎక్కడి నేల శిలీంధ్రమో ఇక్కడి ఎండకు నిలవకపోవచ్చు. డీఏపీ దండిగా వేస్తే మొక్క ఈ దోస్తును పట్టించుకోదు. పేట్ భరా ఆద్మీకి పొరుగువాడి గిన్నె గుర్తుకురాదు కదా. మన మిర్చి, పత్తి రైతులు కూడా ఈ మాట చెవిన వేసుకోవాలి.

చచ్చిన జమీన్, బతికిన హఖ్

ఇది ఒట్టి సైన్స్ అయితే నేనింత రాసేవాణ్ణి కాదు. ఫిఖ్‌లో ‘ఇహ్యా అల్-మవాత్’ అని ఒక బాబ్ ఉంది. చచ్చిన నేలను బతికించడం అని అర్థం. ఎవరిదీ కాని బంజరును సాగులోకి తెచ్చినవాడికి దాని మీద హఖ్ వస్తుందన్నది హదీసుల ఆధారంగా వచ్చిన ఉసూల్. దానికి పాలకుడి ఇజాజత్ కావాలని ఇమామ్ అబూ హనీఫా అన్నారు. ఆయన షాగిర్దే అయిన ఇమామ్ అబూ యూసుఫ్ అక్కర్లేదన్నారు. ఖలీఫా హారూన్ రషీద్ కోసం రాసిన కితాబుల్ ఖరాజ్‌లో ఆయన ఈ చర్చ చేశారు. ఇదే చర్చలో ఇంకో ఉసూల్ వస్తుంది. ఇతరుల జమీన్‌లో జుల్మ్‌తో నాటిన వేరుకు హఖ్ లేదని. అరబీలో అక్కడ వాడిన లఫ్జ్ ‘ఇర్ఖ్’, అంటే వేరే.

నాకు ఆ లఫ్జ్ దగ్గర ఆగిపోవాలనిపిస్తుంది. గుట్ట మీద చెట్లు నాటి పచ్చగా చేసినంత మాత్రాన లెక్క తీరిందా? ఆ అడవిలో ఇప్పపువ్వు, తునికాకు ఏరుకున్నవాళ్లు, పోడు చేసుకున్నవాళ్లు ఎక్కడ? ఏజెన్సీ భూముల కోసం 1/70 చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. బొగ్గు భూమి తీసుకోవడానికి 1957 నాటి చట్టం వేరే ఉంది. తీసుకునే చట్టం నడిచినంత జోరుగా తిరిగిచ్చే మాట నడవదు. 2009లో కేంద్ర బొగ్గు శాఖ ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక ఉండాలని, దానికి డబ్బు ముందే ఎస్క్రో ఖాతాలో వేయాలని మార్గదర్శకాలిచ్చింది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, తవ్విన చోట మళ్లీ గడ్డి మొలిపించాలన్న షరతు పెట్టమని కేంద్రాన్ని ఆదేశించింది. గమనించండి, చెట్లు అనలేదు, గడ్డి అంది. పశువు మేయగలిగే నేల కావాలంది.

కాబట్టి గని ప్రాంతాల్లో ఉండే మన భాయీలు, బహెన్లు ప్రజాభిప్రాయ సేకరణకు పోయినప్పుడు ఎన్ని లక్షల మొక్కలు నాటారని మాత్రమే అడగొద్దు. మూడు సవాళ్లు వేయండి. పైమట్టి ఎన్నాళ్లుగా కుప్పలో ఉంది? చెట్ల కింద గడ్డి ఎన్ని రకాలు మొలిచింది? కోలుకున్న నేల ఎవరి చేతికి పోతుంది? మొదటి రెండూ మట్టి బతికిందో లేదో చెప్తాయి. మూడోది ఇన్సాఫ్ బతికిందో లేదో చెప్తుంది.

నా అరెకరం

ఇప్పుడు నా ఇఖ్రార్. అబ్బా ఆఖరి ఏడాది హాస్పిటల్ ఖర్చులకు ఎటూ తోచక, మా చెలకలో అరెకరం మొరం ఒక కాంట్రాక్టర్‌కు అమ్మాను. రోడ్డు పనికి కావాలన్నాడు. పైమట్టి పక్కకు తీసి, తవ్వాక మళ్లీ పరుస్తానన్నాడు. పరచలేదు. నేనూ గట్టిగా అడగలేదు. అబ్బా పోయారు, నేను నౌక్రీలో పడ్డాను. పైమట్టి కుప్ప మూడేళ్లు ఎండలో, వానలో పడి ఉంది. దాదా కరువులో కూడా అమ్మని నేల అది. ఎడ్లను అమ్మారు, నేలను కాదు.

భక్త రామదాసు ఎత్తిపోతల పథకం 2017లో మొదలయ్యాక పాలేరు నీళ్లు మా మండలం చెరువుల్లోకి వచ్చాయి. చుట్టుపక్కల చెలకలు పచ్చబడ్డాయి. నా అరెకరం గుంత మాత్రం అట్లాగే నోరు తెరుచుకుని ఉంది. ఇల్లెందు గుట్టను చూసి నేను బాధపడే ప్రతిసారీ ఇది గుర్తొచ్చి గొంతులో అడ్డం పడేది. నాదీ ఒక చిన్న ఓపెన్ కాస్టే.

చదివింది చేసి చూద్దామని మూడు వానాకాలాల కింద మొదలుపెట్టాను. గుంత అంచులు వాలు చేయించి, మిగిలిన పైమట్టి పరిచాను. మా తమ్ముడి మేకల ఎరువు రెండు ట్రాక్టర్లు తోలించాను. గట్టు మీద దాదా కాలం నాటి కానుగ ఒకటి ఇంకా ఉంది. దాని కింది మట్టి గంపెడు తీసి, సన్నని వేళ్లతో సహా, జొన్న, పిల్లిపెసర విత్తిన సాళ్లలో చల్లాను. మొదటి ఏడు జొన్న మోకాలెత్తు రాలేదు. ఊళ్లో నవ్వారు. ‘జర్నలిస్టు సాబ్ గుంతలో వ్యవసాయం చేస్తున్నడు’ అని. రెండో ఏడు జీలుగ వేసి దున్నేశాం. మూడో ఏడు ఎవరూ విత్తని గరిక అంచుల నుంచి లోపలికి పాకింది. నాటిన కానుగ మొక్కల్లో సగం పోయాయి, సగం నిలిచాయి.

పత్తి వేసేంత బలం ఇంకా రాలేదు. దానికి ఇంకా ఎన్నేళ్లో అల్లాకే తెలుసు. మొన్న వాన వెలిసిన పొద్దున నా కొడుకు గుంతలో గరిక కుదురు ఒకటి పీకి తెచ్చాడు. వేళ్లకు మట్టి ముద్ద అంటుకుని ఉంది, విదిలించినా రాలలేదు. మూడేళ్ల కింద అదే మట్టి పిడికిట్లోంచి ఇసుకలా జారిపోయేది. ‘అబ్బా, ఇది ఎందుకు పడిపోతలేదు?’ అన్నాడు. ఏం పట్టుకుని ఉందో చెప్పాను. కంటికి కనపడదు కదా, వాడు సగమే నమ్మాడు.

ఈసారి షబ్-ఎ-బరాత్‌కి ఇల్లెందు పోయేటప్పుడు మా గట్టు మీది కానుగ గింజలు గుప్పెడు, దాని కింది మట్టి కొంచెం సంచిలో పట్టుకుపోవాలని నియ్యత్ చేసుకున్నాను. కబ్రస్తాన్ గోడ పక్కన ఖాళీ జాగా ఉంది, కమిటీ పెద్దల ఇజాజత్ అడుగుతాను. దాదా ఊరికి తిరిగి రాలేకపోయారు. ఊరి మట్టి ఆయన దగ్గరికి పోవచ్చు కదా.